నాలుగు గంటల మెసేజ్

ఆష్టిలో బీరయ్య ఫోన్ టింగుమన్న పదకొండో సెకనులో బీరయ్య చనిపోయాడు.

వైనగంగ ఒడ్డున టీ కొట్టు. చేపల బేరగాడి వేషంలో, బల్ల మీద ఫోన్ వెల్లకిలా పెట్టి కూర్చున్నాడు బీరయ్య. ఎదురుగా ఉన్నవాడు చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటున్నాడు. ఫోన్ తెర వెలిగింది. ‘హెరాన్, రిపోర్ట్’ అని ఒక్క లైను. ఎదుటివాడు బిస్కెట్ నోట్లో పెట్టుకుని, సంచిలోంచి సైలెన్సర్ పిస్టల్ తీసి, పని ముగించి, నమలడం పూర్తి కాకముందే మోటార్ సైకిలెక్కాడు. పదిహేనేళ్ళు అడవులు తిరిగి, రెండుసార్లు చావు నోట్లోంచి బయటపడ్డ మనిషిని ఒక పనికిమాలిన నోటిఫికేషన్ పొట్టన పెట్టుకుంది.

ఆ సాయంత్రమే నాగపూర్ కంట్రోల్ రూమ్ నుంచి సిరోంచకి కాల్ వచ్చింది.

“స్పారో?”

“చెప్పండి సార్.”

“హెరాన్ పోయిండు. నోటిఫికేషన్ చూసి కాల్చిండ్రు. ఇగ మనకు లోపల మిగిలింది పీకాక్ ఒక్కతే. ఆమె ఫోన్ నీ జిమ్మెదారి. ఒక్క అక్షరం కూడా స్క్రీన్ మీద కనపడొద్దు.”

మాట్లాడింది కంట్రోల్ ఆఫీసర్ రాజ్‌కుమార్. స్పారో అసలు పేరు దానిష్. సిరోంచ బస్టాండ్ పక్కన ‘దానిష్ మొబైల్స్’ అతనిదే. ఊరి లెక్కలో పగిలిన స్క్రీన్లు మార్చే కుర్రాడు. ఢిల్లీ లెక్కలో ఎనిమిదేళ్ళ సీనియారిటీ ఉన్న ఫీల్డ్ ఏజెంట్. ఈ రెండో సంగతి అతని తల్లి బానుకి కూడా తెలియదు.

పీకాక్ అంటే ఫాయిజా. అహేరీ నుంచి సిరోంచ దాకా ఆమె మేకప్ చెయ్యి పడకుండా ఏ పెళ్ళికూతురూ పీట మీద కూర్చోదు. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర స్కూటీ, నడిచొస్తుంటే బజారు బజారంతా ఓసారి ఆగి చూస్తుంది. రెండు నెలల కిందట మార్టిన్ అనే విదేశీయుడు కమలాపూర్ ఏనుగుల మీద డాక్యుమెంటరీ తీస్తానని కెమెరా పెట్టెలతో దిగాడు. పర్మిషన్ కాగితాలన్నీ ఉన్నాయి. తప్పుల్లేని హిందీ మాట్లాడతాడు. ఊరి వాళ్ళతో మాట్లాడి పనులు చేయించడానికి ఫాయిజాని పెట్టుకున్నాడు. పోలీసు గస్తీ టైములు చెబితే చేతినిండా ముట్టజెబుతానన్నాడు. ఆమె సరేనని, ఊళ్ళో దానిష్ రెండో సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషి కాబట్టి, నేరుగా అతని దగ్గరికి వచ్చింది. అప్పటి నుంచి మార్టిన్‌కి చేరే గస్తీ టైములన్నీ నాగపూర్‌లో తయారైనవే.

మార్టిన్ పెట్టెల్లో ఒకదాంట్లో కెమెరా లేదు. పేలుడు పదార్థం కట్టిన డ్రోన్ ఉంది. గురువారం సాయంత్రం నాలుగున్నరకి, పెళ్ళి బస్సులు వరసగా దాటే వేళకి, అది ప్రాణహిత వంతెన మీద పడాలి. ఇంతవరకూ తెలిసింది. ఎక్కడి నుంచి లేస్తుందో మాత్రం మార్టిన్ చివరి మీటింగ్‌లోనే చెబుతానన్నాడు.

దానిష్ ఫాయిజా ఫోన్ ముందేసుకుని మూడు గంటలు కూర్చున్నాడు. డిపార్ట్‌మెంట్ యాప్‌కి వాతావరణం యాప్ వేషం వేశాడు. దాని నోటిఫికేషన్లు ఆపేశాడు. లాక్ స్క్రీన్ మీద మెసేజ్ కనపడకుండా దాచాడు. వాట్సాప్ గ్రూపులన్నీ మ్యూట్. డు నాట్ డిస్టర్బ్ ఆన్. బ్యాక్ కవర్ లోపల చింతగింజంత మైకు అతికించాడు. అది వింటుంది, తిరిగి చెప్పలేదు. ఫోన్‌ని దూరం నుంచి నడిపే సాఫ్ట్‌వేర్ మాత్రం పెట్టలేదు. ఎవరైనా వెతికితే మొదట దొరికేది అదే.

“ఇగ నీ ఫోన్ మూగది,” అన్నాడు ఆమె చేతికిస్తూ.

“మా అత్తలు గూడ గిట్లయితే బాగుండు,” అని నవ్వి స్కూటీ ఎక్కింది ఫాయిజా.

గురువారం వచ్చింది. మధ్యాహ్నం మూడున్నర. షాపు షట్టర్ సగానికి దించి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, సోల్డరింగ్ సెట్టులా కనిపించే రిసీవర్ ముందు కూర్చున్నాడు దానిష్. నది ఒడ్డున అద్దె ఇంట్లో మీటింగ్ మొదలై నలభై నిమిషాలయింది. గేటు దగ్గర తుపాకులతో ఇద్దరు. లోపల మార్టిన్, అతని దుబాసీ శామ్, ఫాయిజా. మార్టిన్ పద్ధతి ఒకటుంది. అందరి ఫోన్లూ బల్ల మీద తెరలు పైకి పెట్టి ఉండాలి. ఏ మెసేజ్ వచ్చినా శామ్ పైకి చదవాలి.

“ఫాయిజా,” అన్నాడు మార్టిన్ నెమ్మదిగా. “నా ఫోన్ ఆరుసార్లు మోగింది. శామ్‌ది తొమ్మిదిసార్లు. నీది ఒక్కసారి కూడా మోగలేదు.”

“సైలెంట్‌ల పెట్టిన సార్. పెళ్ళిళ్ళ సీజన్ గద, ఒకటే మోత.”

“నువ్వు ఈ ఊళ్ళో పుట్టావు. నీకు ఐదుగురు మేనత్తలున్నారని నువ్వే చెప్పావు. నలభై నిమిషాల్లో ఒక్కరికీ నువ్వు గుర్తు రాలేదా? ఆష్టిలో ఆ చేపలవాడి ఫోన్ కూడా ఇలాగే ఉండేది. చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత ఒక్కసారి మోగింది.”

మార్టిన్ ఫోన్‌ని ఆమె వైపు తోసిన చప్పుడు వినబడింది.

“లాక్ తియ్యి. శామ్, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి అన్ని నోటిఫికేషన్లూ ఆన్ చెయ్యి. ప్రతి యాపూ, ప్రతి గ్రూపూ. మెసేజ్ మొత్తం తెర మీద కనపడాలి.”

దానిష్ చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పడింది. ఎంత పని చేశాడు తను. దాచమంటే దాచాడు, ఒక మనిషికి ఉండాల్సిన చుట్టపక్కాల చప్పుడు కూడా లేకుండా దాచేశాడు. సిరోంచలో ఫోన్ మోగని మనిషి ఎక్కడైనా ఉంటుందా? ఈ ముక్క పుట్టి పెరిగిన తనకి తట్టలేదు, ఎక్కడి నుంచో వచ్చిన వాడికి తట్టింది.

అసలు గండం అది కూడా కాదు. నాలుగు గంటలకి ఢిల్లీ సర్వర్ నుంచి ఫీల్డ్‌లో ఉన్న ప్రతి ఏజెంట్‌కీ ఒక మెసేజ్ దానంతటదే వెళ్తుంది. ‘పీకాక్, రిపోర్ట్. ప్యాకెట్ ఎక్కడ?’ దాన్ని రాసిన మహానుభావులకి లాక్ స్క్రీన్ అనేది ఒకటి ఉంటుందని ఎవరూ చెప్పినట్టు లేదు. బీరయ్య పోయాక దాన్ని మార్చమని ఫైలు కదిలింది. నాలుగు రోజులుగా కదులుతూనే ఉంది.

దానిష్ నాగపూర్‌కి కాల్ చేశాడు. టైము మూడు ముప్పై ఎనిమిది.

“సార్, నాలుగు గంటల మెసేజ్ ఆపాలె. ఆమె ఫోన్‌ల అన్ని ఆన్ చేసిండ్రు.”

“నా చేతుల లేదు దానిష్. రెండు అప్రూవల్స్ గావాలె. పెద్ద సారు విమానంల ఉన్నడు. ట్రై చేస్త గని, నాలుగు లోపల అయితదని నమ్మకు.”

“మరి రెయిడ్ చెయ్యండి. పెళ్ళి బరాత్ వేషంల మన కమాండోలు ఊరి బయటనే ఉన్నరు గద. పది నిమిషాల పని.”

“డ్రోన్ ఎక్కడున్నదో తెల్వకుండ ఆ ఇంట్ల అడుగు పెడితే, డ్రోన్ కాడున్నోడు బటన్ నొక్కుతడు. ఆ బస్సులల్ల ఎంతమంది ఉంటరో ఎరికేనా? పిల్లలు, ముసలోళ్ళు.”

“ఇటు ఫాయిజా ఉన్నది సార్.”

“ఉన్నది,” అన్నాడు రాజ్‌కుమార్. “ఒక్కతే ఉన్నది.”

ఆఫీసులో కూర్చున్నవాడికి లెక్క తేలిగ్గానే తేలింది. తప్పు లెక్క కూడా కాదు, అదే ఏడుపు. దానిష్‌కి మాత్రం ఆ ఒక్కతే ఫాయిజా. ఏడో తరగతిలో తన లెక్కల నోట్సు చూసి కాపీ కొట్టి, తనకంటే పది మార్కులు ఎక్కువ తెచ్చుకున్న ఫాయిజా.

సెల్ టవర్‌కి కరెంటు తీయిద్దామా? మహారాష్ట్ర వైపు టవర్ ఆగితే ఫోన్ నది అవతలి తెలంగాణ టవర్ పట్టుకుంటుంది. ఈ ఒడ్డున ఉన్న ప్రతి ఫోనూ రోజుకి నాలుగుసార్లు రాష్ట్రం మారుతుంది. నీళ్ళ క్యాన్లవాడి వేషంలో తనే వెళ్తే? గేటు దాకా వెళ్ళొచ్చు, అంతే. ఆ పైన ఒక శవానికి బదులు రెండు.

మూడు నలభై ఆరు. హెడ్‌ఫోన్లో టింగ్ మన్నది.

“మన సిరోంచ గ్రూపు,” చదివాడు శామ్. “అసరెల్లి బస్సు వెళ్ళిందా అని ఎవరో అడుగుతున్నారు.”

మళ్ళీ నిశ్శబ్దం. ఇలా ఒక్కొక్కటే, తీరిగ్గా వస్తుంటే నాలుగు గంటల మెసేజ్‌ని కూడా శామ్ తీరిగ్గానే చదువుతాడు.

దానిష్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. బల్ల మీద రిపేరుకి వచ్చిన ఫోన్ ఒకటుంది. బాగా తెలిసిన సారక్కది. హ్యాంగ్ అవుతోందని పొద్దున ఇచ్చి వెళ్ళింది. విప్పి చూస్తే లోపం ఏమీ లేదు. కిందటి వారం ఊళ్ళో ఒక పెద్దాయన చనిపోయాడు, మన సిరోంచ గ్రూపులో ఆ కబురు కింద పది నిమిషాల్లో మూడు వందల సంతాపాలు వచ్చి పడ్డాయి. దాంతో ఫోన్ కొయ్యబారిపోయింది.

సిరోంచలో అదొక కట్టుబాటు. పుట్టినరోజుకి జవాబు పెట్టకపోయినా ఎవరూ పట్టించుకోరు. చావు కబురుకి మాత్రం ప్రతి ఒక్కరూ పెట్టి తీరాలి. పెట్టకపోతే మర్నాడు బజార్లో నిలబెట్టి అడుగుతారు, “మనిషి పోతే ఒక్క ముక్క రాయనీకి చేతులు రాలేదా?” అని. తెలుగు వాళ్ళు ఓం శాంతి అంటారు, మరాఠీ బడిలో చదివిన వాళ్ళు భావపూర్ణ శ్రద్ధాంజలి అంటారు, ముస్లిములు ఇన్నా లిల్లాహి అంటారు. ఒక గ్రూపులో పడ్డ చావు నిమిషంలో పది గ్రూపులకి పాకుతుంది. ఫాయిజా ఆ పది గ్రూపుల్లోనూ ఉంది.

ఒక చావు కావాలి. ఇప్పటికిప్పుడు కావాలి.

ఎవరిది? బతికున్న మనిషిని చంపి గ్రూపులో పెడితే ఆ ఇంట్లో నిజంగానే గుండె ఆగే వాళ్ళుంటారు. ఎవరి పేరు అనుకున్నా వాళ్ళ పిల్లల మొహాలు కళ్ళ ముందుకొచ్చాయి. తన సొంతానికి ఉన్నది తన పేరొక్కటే. మూడు యాభై. ముందు తల్లికి ఫోన్ చేశాడు.

“అమ్మీ, జర విను. ఇప్పుడు జనం వస్తరు ఇంటికి. నేను చచ్చిపోయిన అంటరు. నమ్మకు.”

“చచ్చినోనివి ఫోనెట్ల చేస్తున్నవ్‌రా?” అంది బాను.

“అందుకే చెప్తున్న నమ్మకు అని. గని నేను బతికున్న అని ఎవ్వలకు చెప్పకు. ఒక్క గంట. ఒక మనిషి పానం మీదికొచ్చింది అమ్మీ.”

“దొంగ ఏడుపు నాకు రాదు బేటా.”

“లోపలికి పోయి తలుపు పెట్టుకో. ఎవ్వలడిగినా జవాబియ్యకు.”

“ఎవరి పానం?” అని అడిగింది. అతను చెప్పలేదు. “సరే, పెట్టుకుంట. అన్నం తిన్నవా?”

“తిన్న,” అన్నాడు. తినలేదు.

షట్టర్ పూర్తిగా దించి లోపల గడియ వేశాడు. మన సిరోంచ గ్రూపు తెరిచి, మూడుసార్లు తప్పులు కొట్టి దిద్దుకున్నాడు. ‘సలాం, నమస్తే. నేను దానిష్ కజిన్‌ని, ఆయన ఫోన్ నుంచే రాస్తున్న. మన మొబైల్ షాపు దానిష్ ఇయ్యాల ఆలాపల్లి రోడ్డు మీద బండి యాక్సిడెంట్‌ల చనిపోయిండు. అందరు దువా చెయ్యండ్రి.’

పంపేశాడు. మూడు యాభై మూడు.

మూడు యాభై నాలుగు. ఏమీ రాలేదు. గ్రూపులో ముప్పైమంది చూసినట్టు కనబడుతోంది. ఒక్కరూ రాయలేదు. దానిష్ గ్రూపు మూసి మళ్ళీ తెరిచాడు. ఇంతేనా తను ఈ ఊరికి? ఏ ఇంట్లో తన చెయ్యి పడని ఫోనుంది? ఎన్ని ఫోన్లు నీళ్ళలో పడితే బియ్యంలో పెట్టి బతికించాడు? ఎక్కడో తుపాకి పక్కన ఒక ఆడమనిషి కూర్చుని ఉంటే, తన చావుకి జనం రాలేదని రోషం రావడం ఏమిటో అతనికే అర్థం కాలేదు.

మూడు యాభై ఐదు. గ్రూపు అడ్మిన్, రిటైర్డ్ హెడ్మాస్టరు బాలన్న రాశాడు: ‘ఓం శాంతి. నా చేతుల చదువుకున్న పిల్లగాడు. నమ్మబుద్ధి అయితలేదు.’

అంతే, చెరువు కట్ట తెగినట్టయింది.

హెడ్‌ఫోన్లో మొదటి టింగ్. శామ్ చదివాడు. “దానిష్ అనే అతను చనిపోయాడట. ఓం శాంతి... ఓం శాంతి... భావపూర్ణ శ్రద్ధాంజలి...” టింగ్, టింగ్. “ఏడుస్తున్న బొమ్మ. చేతులు జోడించిన బొమ్మ. ఓం శాంతి. ఇన్నా లిల్లాహి...”

“ఎవరీ దానిష్?” మార్టిన్ గొంతు.

ఫాయిజా కుర్చీ కదిలిన చప్పుడు. దానిష్ హెడ్‌ఫోన్‌ని రెండు చేతులతో చెవులకి అదుముకున్నాడు. ఆమెకి చెప్పే దారి లేదు. మైకు వింటుంది, అంతే.

“నా ఫోన్... నా ఫోన్ బాగుచేసేటోడు,” అంది. ఆ తర్వాత ఏడ్చింది. తెచ్చిపెట్టుకున్న ఏడుపు కాదు. చీదుకుంటూ, వెక్కుతూ, పక్కన ఎవరున్నారో మరిచిపోయి ఏడ్చింది. ఇవతల దానిష్ పళ్ళ బిగువున కూర్చున్నాడు. అతనికీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

బయట షట్టర్ మీద ఎవరో దబదబా కొట్టారు. అప్పటికే జనం చేరారు.

“పాపం, గంత మంచి పిల్లగాడు. ఫోన్‌కు గ్లాసు మాత్రం ఎప్పుడూ ఒక పక్కకు వంకరగ వేసేటోడు,” అంటోంది ఒక గొంతు.

“పోయినోన్ని ఏం అనకు బాపు,” అంటోంది ఇంకో గొంతు.

మూడు యాభై తొమ్మిది. అవతల టింగులు ఒకదాని మీద ఒకటి పడి ఒకే మోతయ్యాయి. శామ్ గొంతు బొంగురుపోయింది. “ఓం శాంతి. ఓం శాంతి. అన్ని గ్రూపుల్లోనూ ఇదే సార్. మేకప్ గ్రూపు, టెన్త్ బ్యాచ్ గ్రూపు... ఇన్నా లిల్లాహి. ఓం...”

నాలుగు.

ఆ మోతలోంచి టప్‌మని నీటి చుక్క పడ్డ శబ్దం వినబడింది. వాతావరణం యాప్ శబ్దం. దాన్ని ఎంచి పెట్టింది దానిషే.

“శ్రద్ధాంజలి... ఓం శాంతి... వెదర్...” శామ్ ఆగాడు.

“వెదర్ ఏంటి?” అన్నాడు మార్టిన్.

దానిష్ రిసీవర్ మీదికి వంగి సౌండ్ పెంచాడు.

“కిందికి పోయింది సార్. పైన ఇంకో ఇరవై వచ్చి పడ్డాయి. వెతకమంటారా?”

టింగ్, టింగ్, టింగ్. ఫాయిజా వెక్కిళ్ళు. ఒక సెకను, రెండు సెకన్లు.

“ఇటివ్వు,” అన్నాడు మార్టిన్ విసుగ్గా. వేలితో తెర మీద సర్రుమని గీసిన చప్పుడు. “అన్నీ తీసేశాను. ఈ ఊళ్ళో జనానికి వేరే పనే లేదా? తీసుకో ఫాయిజా, సైలెంట్‌లో పెట్టుకో. కళ్ళు తుడుచుకో.”

పీకాక్‌ని చంపాల్సిన లైనుని మార్టిన్ తన వేలితోనే చెత్తబుట్టలోకి తోశాడు. దానిష్ బల్ల మీద తల వాల్చేశాడు.

ఇప్పుడు మార్టిన్ గొంతు మారింది. ఇన్ని కన్నీళ్ళు, ఇంతమంది చుట్టాలు ఉన్న మనిషి గూఢచారి ఎలా అవుతుందనుకున్నాడో ఏమో, తేలిగ్గా చెప్పేశాడు. “సంగమం దగ్గర ఇసుక దిబ్బ. పుచ్చకాయల గుడిసె. నాలుగున్నరకి లేస్తుంది. నువ్వు వంతెన దగ్గర ఉండి బస్సులు ఎక్కగానే చెప్పు.”

“సంగమం కాడ, ఇసుక దిబ్బ మీద పుచ్చకాయల గుడిసెనా సార్?” ఫాయిజా ఫోన్ దగ్గరగా వంగి అడిగింది. ఏడుపు ఆపుకుని, ఒక్కో మాటా విడివిడిగా అంది. అవతల వినాల్సిన మనిషి చచ్చిపోయాడని నమ్మి కూడా, చెప్పాల్సింది చెప్పింది. అది విన్న దానిష్‌కి ఆమె మీద ఎంత గౌరవం పుట్టిందంటే, లేచి నిలబడ్డాడు.

“సార్, దొరికింది,” అన్నాడు నాగపూర్ లైన్లో.

పెళ్ళి బరాత్ రెండుగా చీలింది. ఒక వ్యాను నది ఒడ్డు ఇంటికి వెళ్ళి మార్టిన్‌ని కుర్చీలో ఉండగానే పట్టుకుంది. గేటు దగ్గరి వాళ్ళు బ్యాండు మేళం చూసి నవ్వుతూ తుపాకులు దించారట. రెండో వ్యాను ఇసుకలో కూరుకుపోతే కమాండోలు దిగి పరుగెత్తారు. వాళ్ళు గుడిసె చేరేసరికి డ్రోన్ రెక్కలు తిరుగుతున్నాయి. నేల విడిచి మోకాలెత్తు లేచింది. ముందున్న కమాండో పెళ్ళికొడుకు వేషంలో ఉన్నాడు. కాలిస్తే పేలుతుందని, చేతికి ఇంకేమీ దొరక్క మెళ్ళో ఉన్న బంతిపూల దండ తీసి దాని మీదికి విసిరాడు. రెక్కలకి దారం చుట్టుకుని డ్రోన్ ఇసుకలో పడింది. వంతెన మీద మొదటి పెళ్ళి బస్సు పాటలు పెట్టుకుని దాటిపోయింది.

అయిదింటికి దానిష్ షట్టర్ ఎత్తాడు. బయట అరవైమంది. ఒకాయన వెనక్కి పడబోయాడు. కజిన్ పొరపాటు పడ్డాడని, పోయింది వేరే ఎవరోనని దానిష్ ఏదో చెప్పాడు. బాలన్న సారు దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుని చూసి, బతికే ఉన్నాడని తేలాక ఆ చేత్తోనే చెవి మెలేశాడు.

జనం పలచబడ్డాక ఎర్ర స్కూటీ వచ్చి ఆగింది. ఫాయిజా కళ్ళద్దాలు తీయలేదు. కౌంటర్ ముందు నిలబడి చాలాసేపు అతన్ని చూసింది.

“మల్ల చచ్చేదుంటే, నాకు ముందుగాల చెప్పి చావు,” అంది.

“చెప్పనీకి దారి లేకుండె ఫాయిజా.”

“ఎరికే,” అని కౌంటర్ మీద ఉన్న అతని చేతి మీద ఒక దెబ్బ వేసి, ఆ చెయ్యి అలాగే పట్టుకుంది. కొంచెంసేపటికి వదిలి వెళ్ళిపోయింది.

ఢిల్లీ నుంచి లేఖ వచ్చింది, ముందస్తు అనుమతి లేకుండా మరణించినందుకు సంజాయిషీ ఇవ్వమని. దానిష్ దాన్ని పక్కన పెట్టి, తీరిగ్గా కూర్చుని గ్రూపు మెసేజులన్నీ మొదటి నుంచి చివరిదాకా చదివాడు. గ్రూపులో నాలుగు వందల పన్నెండు మంది. తనూ ఫాయిజా పోగా నాలుగు వందల పది. సంతాపాలు నాలుగు వందల తొమ్మిది. రెండుసార్లు లెక్కపెట్టాడు. తేడా రాలేదు. చూసి కూడా ఏమీ రాయనివాడు ఎరువుల దుకాణం రాయమల్లు.

మర్నాడు పొద్దున రాయమల్లు పగిలిన ఫోన్ పట్టుకుని షాపుకొచ్చాడు.

“జర అర్జెంటు తమ్మీ. ఎప్పుడిస్తవు?”

పావుగంట పని. దానిష్ ఫోన్‌ని తిప్పి చూసి, సంతాపం నిండిన మొహంతో, నెల తర్వాత కనపడమన్నాడు.